ఒంటి తుమ్ము

అది బుధవారం, పొద్దుగాల పది గంటలు. మా ఇంట్ల గడియారం లేకుండె గని మిషన్ బడి గంట అప్పుడే కొట్టిండ్రు. నేను బడికి పోయే పిల్లను కాదు, ఆ గంట నాకు పొద్దు ఎంత ఎక్కిందో చెప్పేటందుకే పనికొచ్చేది. ఈస్టరు ముందటి శ్రమల దినాలు నడుస్తున్నయి, మట్టలాదివారం దగ్గరికొచ్చింది, ఎండ సుర్రుమంటున్నది. ఇంత పక్కాగ ఎందుకు రాస్తున్ననంటే, సినిమోళ్ళు దాన్ని అర్ధరాత్రి చేసిండ్రు. అర్ధరాత్రి, మీదికెల్లి వాన, ఉరుములు, మెరుపులు, ఆ వానల ఆడోళ్ళు పాట పాడుకుంట మిరపకాయలు దంచుడు. వానల దంచితే కారం ముద్దయి బూజు పడ్తది. అంత పెద్ద సినిమ తీసినోళ్ళల్ల ఒక్కని ఇంట్ల కూడ కారం తినరా అని నాకు అనుమానమొచ్చింది.

ఆ సినిమ పేరు నేను రాయ. రాస్తె ఇంకో నలుగురు పోయి చూస్తరు. రాజ్యం మారేటప్పటి లడాయి మీద తీసినమని చెప్పుకుంటుండ్రు. మా దిక్కు పెద్దోళ్ళు ఆ ఏండ్లను లడాయి దినాలనే అంటుండిరి. దొరలు తమ మనుషుల చేతికి తుపాకులిచ్చి ఊర్ల మీదికి తోలిన దినాలు, ఊర్లు ఇగ వెట్టి చెయ్యమని మొండికేసిన దినాలు. ఆ సినిమ తీసిన పిల్లగాడు తియ్యకముందు బెల్లంపల్లిల మా ఇంటికొచ్చిండు. చాయ తాగిండు, అమ్మమ్మగారూ అమ్మమ్మగారూ అనుకుంట నా కాళ్ళకాడ కూసున్నడు, ఫోను నా మూతి ముంగట పెట్టిండు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఈ కథ ఎట్ల చెప్పేదో అట్లనే చెప్పిన. పిల్లగాడు నవ్విండు, ఆఖర్ల కండ్లు కూడ తుడుసుకున్నడు. ఆ కండ్లు చూసి నేను మోసపోయిన. ఏడ నవ్వొచ్చిందో ఏడ ఏడుపొచ్చిందో గుర్తు పెట్టుకొని, రెండింటిని ఇడదీసి, వేరే వేరే డబ్బాలల్ల పోసుకొని పోయిండని సినిమ చూసినంక గని తెల్వలే.

నన్ను ఆ సినిమకు తీస్కపోయింది లచ్చవ్వ. నాకంటే చిన్నది, కుమ్మరి రాజయ్య బిడ్డ. లడాయి దినాలల్ల తన బాపు కండ్లు పోయినయని ఆమెకెరుక, ఎట్ల పోయినయో ఎరుక లేదు. వాళ్ళ ఇంట్ల ఆ ముచ్చట ఎత్తకపోయేటోళ్ళట, వాళ్ళ ముంగట ఊరోళ్ళు గూడ ఎత్తకపోయేటోళ్ళు. ఎవరన్న ఎత్తితే వాళ్ళ అవ్వ లేచి వాకిట్లకు పోయేదట. అందుకని లచ్చవ్వ తన మనసుల తనే ఒక బాపును తయారు చేసుకున్నది, తుపాకి దెబ్బకో లాఠీ దెబ్బకో కండ్లు పోగొట్టుకున్న బాపును. ఇప్పుడు ఈ సినిమ వచ్చింది. పిల్లగాడు అన్ని మార్చిండు గని రాజయ్య పేరు మాత్రం మార్చలే. లచ్చవ్వ నల్లా కాడికి పోతుంటే వాడకట్టు పిల్లలు ఎనుకనుంచి హచ్చి అని తుమ్మవట్టిండ్రు. ఎందుకు తుమ్ముతుండ్రో ఆమెకు సమజ్ కాలే. ఆమె మనుమడు రమేశు దుబాయిల పని చేస్తడు, సెలవు మీద వచ్చిండు. సినిమల ఉన్న తుమ్ముల ముక్కను వాడు అక్కడ్నే చూసిండట. రూమోళ్ళంత ఒక్క ఫోను చుట్టు చేరి పడిపడి నవ్విండ్రట, అందరికంటే ఎక్కువ వీడే నవ్విండట. ఆ తుమ్మేటోడు తన ముత్తాతని ఇంటికొచ్చినంక తెలిసింది. తెలిసినంక వాడు నా మొకం చూస్తలేడు. లచ్చవ్వ మాత్రం, చూద్దాం పా అక్కా, నువ్వు చెప్పిన కథనేనట గదా, మా బాపు ఏం చేసిండో ఒక్కసారన్న చూడాలె అన్నది. రమేశు కారు తీసిండు, మంచిర్యాలకు పోయినం.

సినిమ సంగతి తర్వాత చెప్త. అది చెప్పేముందు మా ఇల్లు చెప్పాలె, లేకుంటే తిట్టుడు గూడ సక్కగ రాదు. బొగ్గు బాయిలకు నడిచి పోయేంత దూరంల చిన్న ఊరు మాది. మా బాపు యాకోబు బాయిల దిగేటోడు, ఇంటికొచ్చేటప్పటికి ఆయన మొకంల పండ్లు తప్ప ఏం కనబడకపోయేది. మా అవ్వ సుందరమ్మ కారం దంచేది. మిరపకాయల కాలమొచ్చిందంటే ఊరి మిరపకాయలన్ని మా ఇంటికే, దొర ఉండే గడి మిరపకాయలు గూడ మా ఇంటికే. చాపల మీద గలగల మోగేదాక ఎండవోసుడు, తొడిమెలు తీసుడు, రోట్ల పోసి ముగ్గురు చుట్టు నిలబడి ఒకరి పోటు ఎనుక ఒకరు రోకండ్లు ఎయ్యుడు, జల్లించుడు, నూక మిగిలితే మల్ల దంచుడు. అరచేతులకు మంచినూనె రాసుకునేటోళ్ళు, ముక్కుకు కొంగు కట్టుకునేటోళ్ళు, పొద్దు గూకినంక చేతులు చల్లల ముంచుకొని కూసునేటోళ్ళు. కొత్త మనిషి మా వాకిట్ల అడుగు పెడితే దగ్గుడే దగ్గుడు. మాకు అది ఘాటని గూడ తెల్వకపోయేది. బాపు అంగికి బొగ్గు వాసన, అవ్వ కొంగుకు కారం వాసన, ఆ రెండింటి నడుమ పండుకుంటేనే నాకు నిద్ర వచ్చేది. ఇప్పుడు నా కోడలు ప్యాకెట్ కత్తెరతోని కోస్తది, దాంట్ల రంగుంటది, వాసన ఉండది.

మా బాపమ్మ, బాపును కన్నతల్లి, పేరు నర్సవ్వ. బాపుతోని పాటే బాప్తీస్మం తీసుకున్నది గని పేరు మార్చుకోమంటే మార్చుకోలే, శకునాలు ఇడువుమంటే ఇడువలే. అన్నింటికంటే ఎక్కువ పట్టింపు ఒంటి తుమ్ముకు. గడప దాటేటప్పుడు ఎవరన్న ఒక్కసారి తుమ్మితే చెడ్డది, కూసోవాలె, చెంబెడు నీళ్ళు తాగాలె. ఆ తుమ్మినోళ్ళే ఇంకోసారి తుమ్మితే జంట తుమ్ము, దోషం పోయినట్టు, లేచి పోవచ్చు. మిషన్ అయ్యగారు వచ్చి, నర్సవ్వా, దేవుని నమ్మినంక గీ తుమ్ముల లెక్క ఎందుకే అంటే, తుమ్ము ఇచ్చింది దేవుడే గదా అయ్యగారూ అనేది. పాపం అయ్యగారికి మా వాకిటి ఘాటుకు ముక్కు అదురుతనే ఉండేది. లేచి పోదామనుకునేటాళ్ళకు ఆయనే తుమ్మేటోడు. బాపమ్మ చెంబు తెచ్చి ముంగట పెట్టేది. అయ్యగారు అటు ఇటు చూసి తాగేటోడు.

ఇగ రాజయ్య. గడిల పెండ్లి అయితే కుమ్మరోళ్ళు బండ్లకు బండ్లు కుండలు వెట్టికి ఇయ్యాలె. రాజయ్య ఇయ్యనన్నడు, మిగిలినోళ్ళ చేత గూడ అనిపిచ్చిండు. దొర మనుషులు ఆయన కోసం ఇండ్లిండ్లు తిరుగవట్టిండ్రు, దొరికితే ప్రాణం తీసేటోళ్ళే. వీరుని లెక్క ఏం ఉండకపోయేటోడు. బక్కగ, పొడుగ్గ, మాటమాటకు మస్కిరి, నవ్వులాట. ఆయన పెండ్లాం పోసవ్వ ఏటేట అవ్వతోని దంచేటందుకు వచ్చేది. ఆ ఏడు కడుపుతోని ఉండె, అయినా వచ్చింది. ఆ బుధవారం ఆమె ఎంట రాజయ్య గూడ వచ్చిండు. అవ్వ ఏం అడగలే. లోపటి అర్రల మిరపకాయల కుప్పల పండవెట్టి, మీద మిరపకాయలు పోసి, ఆ మీద దంచిన కారం సంచులు పేర్చింది. ఉడుకవోస్తది రాజన్నా, జర ఓర్చుకో అన్నదట. లోపటినుంచి, మసాల మంచిగ పట్టిచ్చినవు సుందరమ్మా, ఇగ పొయ్యి మీద ఎక్కిచ్చుడే తక్కువున్నది అన్నడట.

పది గంటలకు దొర జమేదారు నారాయణ ఇద్దరిని ఎంటేసుకొని వచ్చిండు. వాకిట్ల రోలు చుట్టు అవ్వ, పోసవ్వ, మా పక్కింటి మస్తాన్‌బీ. బాపమ్మ అర్ర గడప మీద కూసొని తొడిమెలు తీస్తున్నది, నేను ఆమెను ఆనుకొని కూసున్న. జమేదారు గడప బయట నిలబడే పొడుగు కట్టె లోపటికి చాపి సంచులను పొడిసిండు. ఒక సంచి పిగిలింది. కారం సన్నగ ధార లెక్క కిందికి కారుడు నాకు కనబడ్డది. లోపటికి పోదామని ఆయన కాలు ఎత్తంగనే ఒక్క తుమ్ము వినబడ్డది. రోకండ్ల సప్పుడుల అది ఏడికెల్లి వచ్చిందో ఆయనకు తెల్వకముందే బాపమ్మ నా వీపు మీద ఒక్కటి సరిసింది.

"పాడు పోరి, పెద్దమనిషి గడప దాటుతుంటే ఒంటి తుమ్ము తుమ్మె. కూసో అయ్యా, చెంబెడు నీళ్ళు తాగి పో. రేపు నీకేమన్నయితే గీ ముసల్దాన్ని అంటరు."

జమేదారు ఎత్తిన కాలు ఎనుకకు తీసుకున్నడు. ఊరంత ఆయనను చూస్తె ఉచ్చపోసుకునేది, ఆయన తుమ్ముకు జడిసిండు. మంచంల కూసొని నీళ్ళు తాగిండు. తాగినా లేవబుద్ధి కాలే. నన్ను రెక్క పట్టి గుంజి ముంగట నిలబెట్టుకున్నడు. "ఏ పోరీ, ఇంకోటి తుమ్ము" అన్నడు. ఇంకోటి తుమ్మితే జంట అయితది, నిమ్మలంగ లోపటికి పోవచ్చు. నేను ఆయన మీసాలు చూసుకుంట నిలబడ్డ. జల్లెట్లకెల్లి చిటికెడు కారం తీసి నా ముక్కుకాడ పెట్టిండు, ఊదిండు. కారంల పుట్టి పెరిగిన ముక్కుకు చిటికెడు ఎంత. తుమ్మరాదే, బెల్లం ముక్క ఇస్త అని బతిలాడవట్టిండు. తుమ్మవే బిడ్డా, జమేదారు అంతగనం అడుగుతుండు గదా అని బాపమ్మ నోటితోని అంటున్నది, ఎనుకనుంచి నా తొడను గిల్లుతున్నది. ఇవతల ఒక మనిషి తుమ్ము తెప్పియ్యాలని తిప్పలు పడుతుండు, గోడ అవతల ఇంకో మనిషి తుమ్ము రావద్దని తిప్పలు పడుతుండు. ఆయన కండ్ల మీదికి కారం కారుతనే ఉన్నది. తుడుసుకుందామంటే చెయ్యి లేపద్దు, లేపితే సంచులు పడ్తయి.

మస్తాన్‌బీ మా అవ్వ దిక్కు చూసింది. ఇంకో చాటెడు మిరపకాయలు రోట్ల పోసింది, రోకండ్లు జోరందుకున్నయి. వాకిలంత ఎర్రగ ఘాటు లేచింది. జమేదారుకు తుమ్ము రాలే, దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి కండ్లు కనబడక మంచం పట్టె తగిలి పడ్డడు. ఆయన మనుషులు చెరో రెక్క పట్టుకొని చేదబావి కాడికి గుంజుకపోయిండ్రు. గీ కొంపల మనిషి కాదు ఎలుక గూడ దాక్కోదు అని తిట్టుకుంట అటునుంచి అటే పోయిండు.

మా అవ్వ ఈ కథను రోకలి చేతిల ఉన్నప్పుడే చెప్పేది. బెల్లం ముక్క కాడికి వచ్చేటప్పటికి దంచేటోళ్ళు నవ్వలేక రోకండ్లు కింద పెట్టేటోళ్ళు. అవ్వ గూడ నవ్వేది. ఎలుక మాట అయినంక ఆమె గొంతు తగ్గేది. ఘాటు లేపింది మేము ముగ్గురం, పోసవ్వ రోకలి ఆపలే, అనేది. జమేదారును తరిమిన ఘాటే లోపటికి గూడ పోతున్నది, పెనిమిటి మీదికి పోతున్నదని పోసవ్వకు ఎరుకే. కండ్ల నీళ్ళు కారుతున్నా ఒక్క పోటు తప్పలే, తప్పితే ముగ్గురి వరుస చెడుతది, వాళ్ళు ఇటు చూస్తరు. సంచులు తీసేటప్పటికి రాజయ్య కండ్లు తెరువలేకపోయిండు. దవాఖానకు పోతె దొరికిపోతడు. ఒక కన్ను తెల్లగయ్యింది, ఇంకోదానికి ఎలుగు నీడ తప్ప ఏం ఆనకపోయేది. తర్వాత ఆయన చేసిన కుండలకు మూతి వంకర వచ్చేది. మా ఊరోళ్ళు అవే కొనేటోళ్ళు, ఎవరు ఏం అనకపోయేటోళ్ళు. ఆయనే అనేటోడు, మూతి వంకరుంటేంది, నీళ్ళు వంకరొస్తున్నయా అని. అవ్వ అంత చెప్పి మల్ల రోకలి ఎత్తేది. ముందుగాల నవ్విపిచ్చుడు ఎందుకని నేను పెద్దయినంక అడిగిన. నవ్వితేనే నోరు తెరుస్తరు, తెరిచిన నోట్లకే కారం పోయేది అన్నది.

నవ్వే లేకుండ చెప్పేటోళ్ళను గూడ చూసిన. నాకు పెండ్లయిన కొత్తల కార్మికుల మైదానంల పొద్దు గూకినంక తెల్ల గుడ్డ కట్టి ఏదో దేశం లడాయి సినిమ ఏసిండ్రు. మాటలు తెల్వయి, మైకు పట్టుకున్న ఒకాయన మాకు సమజ్ చేస్తుండు. సిపాయిలు ఇంట్ల సొచ్చిండ్రు, ఒక ముసల్ది వాళ్ళ బూట్లు తుడుస్తనని తీసుకొని దాంట్ల గంజి పోసింది. మైదానమంత నవ్వింది. మైకాయనకు కోపమొచ్చింది. నవ్వద్దు, ఇది త్యాగం, బాధ పడాలె అన్నడు. అవ్వ నా పక్కన్నే ఉన్నది. ఏంది, గీయనకు చెప్పి ఏడ్వాలెనా, గా ముసల్ది మా అత్త లెక్కనే ఉన్నది అన్నది. ఆయన మాట్లాడుతనే ఉన్నడు. గంజి ఎవరికి గుర్తు లేకుండ, బూటు ఎవరికి గుర్తు లేకుండ చేసిండు. సగం మంది అక్కడ్నే పండుకున్నరు. ఆయనకు ముసల్ది అక్కెరలేదు, ఆయన మాట అక్కెర.

ఈ సినిమ పిల్లగాడు ఆయనకు ఇంకో దిక్కు తమ్ముడు. ఒంటి తుమ్మును తీసేసిండు. రాజయ్య ఏషం నవ్విపిచ్చేటోనికి ఇచ్చిండు, వాడు కారం సంచుల కింద పండుకొని హచ్చి హచ్చి అని తుమ్ముతనే ఉన్నడు, ఒక్కొక్క తుమ్ముకు ఎనుకనుంచి బూరలు, డప్పులు. మస్తాన్‌బీ లేనే లేదు, ఆమె తావుల దీపాలు పట్టుకున్న ఆడోళ్ళు నిలబడ్డరు. పోసవ్వను హీరోయిన్ చేసి ఎర్ర చీర కట్టిచ్చి మిరప చేన్ల పాట పాడిచ్చిండ్రు. హీరో గొడ్డలి పట్టుకొని వచ్చి జమేదారును నరికిండు. అంత అయినంక అందరు నిలబడంగ ఒక ముసలాయన భూమి గురించి, రక్తం గురించి మాట్లాడిండు. నవ్వినోళ్ళు అప్పుడు మొకాలు సీరియస్ చేసుకున్నరు. రాజయ్య కండ్లు మాత్రం మంచిగనే ఉన్నయి, ఆఖరి పాటల గూడ కన్ను కొట్టిండు. నేను ఆ టాకీసుల్నే ఫోను చేపిచ్చిన. పిల్లగాడు ఎత్తిండు. ఎంటర్టైన్మెంటు కొంత, మెసేజి కొంత, బ్యాలెన్స్ చేసినం అమ్మమ్మగారూ అన్నడు. కిరాణ దుకాణపోడు గూడ రెండు సరుకులను అంత బద్ధకంగ తూకమెయ్యడు. పెట్టెయ్యి బిడ్డా, అన్న.

తిరిగొచ్చేటప్పుడు లచ్చవ్వ కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నది. ఊరు దగ్గరికొచ్చినంక అన్నది: "అక్కా, మా బాపును నువ్వు నవ్వులాటకు చెప్పినవా?"

"నవ్వులాటకే చెప్పిన" అన్న.

రమేశు కారు పక్కకు ఆపిండు. లచ్చవ్వ దిగుతదేమో అనుకున్న, దిగలే. మీ ఇంటికి పోనియ్యి, అక్కడ కూసొని చెప్త అన్న. వాడకట్టు పిల్లలను గూడ పిలువుమన్న. తుమ్మేటోళ్ళే వచ్చిండ్రు. అవ్వ చెప్పినట్టే చెప్పిన. బెల్లం ముక్క కాడ పిల్లలు దొర్లిండ్రు, రమేశుకు గూడ నవ్వు ఆగలే. లచ్చవ్వ ఆపుకున్నది, ఆపుకున్నది, ఎలుక కాడ ఆగలేకపోయింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నేను గొంతు తగ్గిచ్చి పోసవ్వ రోకలి ఆపలే అన్న. పిల్లల నవ్వులు ఒక్కొక్కటే ఆగినయి. సంచులు తీసుడు, కన్ను తెల్లగయ్యుడు, వంకర మూతి కుండలు చెప్పిన. రమేశు తల వంచుకున్నడు.

లచ్చవ్వ ఎక్కడనో చూస్తున్నది. "మా అవ్వ జిందగీల ఎన్నడు ఎర్ర కారం ఇంట్లకు తేలే అక్కా" అన్నది. "కూరల పచ్చి మిరపకాయనే ఏసేది. ఎర్ర కారమేసిన కూర కావాలని మేము ఏడుస్తె పక్కింట్ల తిని రమ్మనేది. కడుపుమంట ఉన్నదేమో అనుకున్నం. వాడల ఎవరింట్లనన్న రోకలి సప్పుడైతే తలుపేసుకునేది. చెవుడు వచ్చినంక గూడ ఏసుకునేది."

ఆమె ఏడ్వలే. నేను గూడ ఓదార్చలే. ఎందుకు చెప్పలేదో మాకు అని రెండుమూడు సార్లు అన్నది, ఎవరిని అడుగుతున్నదో నాకు తెల్వది. పిల్లలు లేచి పోయేటప్పుడు ఒక పిల్లకు నిజంగనే తుమ్ము వచ్చింది. బయటికి పోబోయిన ఇంకో పోరడు గడపల ఆగిండు, ఏం చెయ్యాలె అన్నట్టు నా దిక్కు చూసిండు. లచ్చవ్వ లేచి లోపటికెల్లి నీళ్ళు తెచ్చింది.

అప్పుడు గూడ జనం నవ్వేటోళ్ళు, ఇప్పుడు గూడ నవ్వుతుండ్రు, దాంట్ల ఫరక్ లేదు. అప్పుడు నవ్వినోళ్ళ చేతులల్ల రోకలి ఉండె, ఆ రోజు ఉన్నోళ్ళు పక్కన్నే నిలబడి ఉండిరి. చెప్పేది తప్పయితే అక్కడ్నే మాట పడేది. ఇప్పుడు సల్లటి గాలిల, చీకట్ల, పేలాల డబ్బ ఒళ్ళె పెట్టుకొని కూసుంటుండ్రు. తెర మీదోళ్ళకు ఎవ్వరు అడ్డం చెప్పేటట్టు లేదు. రమేశు మల్ల దుబాయి పోయేముందు నా కాడికొచ్చి, ఇది రాసియ్యి అమ్మమ్మా, మా రూముల చదువుత అన్నడు. అక్షరాలు నాకు నెత్తి నెరిసినంక రాత్రి బడిల వచ్చినయి, ఒత్తులు తప్పయితే వాడు దిద్దుకుంటడు. పేర్లు మాత్రం తప్పు పోవద్దు, సినిమల అవే తప్పు పోయినయి. ఆ బుధవారం మా ఇంట్ల ఉన్నోళ్ళు వీళ్ళు. గడప మీద మా బాపమ్మ నర్సవ్వ. ఆమె పక్కన నేను, మార్తమ్మ. మంచంల జమేదారు నారాయణ, ఆయన ఎంట వచ్చిన ఇద్దరు, వాళ్ళ పేర్లు మాకు తెల్వయి. రోలు కాడ మా అవ్వ సుందరమ్మ, మస్తాన్‌బీ, పోసవ్వ. మిరపకాయల కింద కుమ్మరి రాజయ్య. పోసవ్వ కడుపుల లచ్చవ్వ.